గుండెను తాకిన గళం – ఘంటసాల

మానవుడు మాట నేర్వకముందే నాదానికి స్పందిస్తాడు. ఉయ్యాలలో ఏడ్చే పసిబిడ్డకు తల్లి పాడే జోలపాటలోని పదాల అర్థం తెలియదు. అయినా ఆ స్వరం చెవిని సోకగానే ఏడుపు మాని నిద్రలోకి జారుకుంటాడు. వరినాట్లు వేసే స్త్రీలు పాట అందుకుంటే నడుము నొప్పి మరచిపోతారు. భజన సాగేచోట పరిచయం లేనివారు సైతం ఒకే కుటుంబంవలె చేతులు కలిపి తాళం వేస్తారు. సంతోషాన్ని రెట్టింపు చేయడానికీ, దుఃఖాన్ని సగం చేయడానికీ సంగీతానికి మించిన సాధనం లేదని మన పెద్దలు విశ్వసించారు. ఈ విశ్వాసాన్ని ఇరవయ్యవ శతాబ్దంలో తెలుగునాట ఇంటింటా అనుభవంలోకి తెచ్చిన గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు.

ఘంటసాల 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించారు. తల్లి రత్తమ్మ, తండ్రి సూరయ్య. సూరయ్య సంగీతాన్ని ఉపాసించిన వ్యక్తి. మృదంగం వాయించేవారు. నారాయణతీర్థుల తరంగాలను తన్మయత్వంతో గానం చేసేవారు. పసివాడైన కుమారుని భుజాలపై కూర్చోబెట్టుకొని ఊరూరా భజనలకు, ఉత్సవాలకు తీసుకొని వెళ్ళేవారు. తండ్రి పాడుతుంటే బాలుడు లయకు అనుగుణంగా నృత్యం చేసేవాడు. చూసిన జనం ముచ్చటపడి అతణ్ణి బాలభరతుడని పిలిచేవారు. పాట వినగానే ఎదుటివారి ముఖాలు ఎట్లా వికసిస్తాయో, కళ్ళు ఎట్లా చెమరుస్తాయో ఆ బాలుడు తండ్రి భుజాల మీదినుంచే చూశాడు. అదే అతని తొలి సంగీత పాఠం.

ఆ ఆనందం ఎంతోకాలం నిలవలేదు. ఘంటసాల బాల్యంలోనే సూరయ్య కన్నుమూశారు. తన కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన చివరి కోరిక. కుటుంబభారాన్ని మేనమామ స్వీకరించారు. ఇంట్లో పేదరికం, గుండెలో తండ్రికి ఇచ్చిన మాట. ఈ రెండింటి నడుమ బాలుడు పెరిగాడు. సంగీతం నేర్పుతారన్న ఆశతో కొందరి ఇళ్ళలో పనులు చేసినా విద్య మాత్రం అబ్బలేదు. ఒకసారి ఉత్సవాల సందర్భంలో విద్వాంసులతో పోటీపడి పాడబోయి నవ్వులపాలయ్యాడని చెబుతారు. ఆ పరాభవం అతణ్ణి కుంగదీయలేదు. పాడాలన్న కోరిక ఉంటే చాలదనీ, పాడటానికి తగిన శిక్షణ కావాలనీ అతనికి ఆనాడే అర్థమైంది.

ఆ రోజుల్లో సంగీతం నేర్వదలచిన తెలుగు బాలునికి విజయనగరమే కాశీక్షేత్రం. 1919లో అక్కడ వెలసిన మహారాజావారి సంగీత కళాశాలకు మొదట హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు, తరువాత వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు అధ్యక్షులుగా ఉండి దానికి ఖ్యాతి తెచ్చారు. ఘంటసాల తన చేతి ఉంగరాన్ని అమ్మి, ఆ డబ్బుతో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా విజయనగరం చేరుకున్నాడు. అక్కడ అతనికి నా అన్నవారు లేరు. ఉండటానికి ఇల్లు లేదు, తినడానికి తిండి లేదు. అటువంటి సమయంలో ఆ కళాశాలలో గాత్రం బోధించే పట్రాయని సీతారామశాస్త్రి అతణ్ణి ఆదరించారు. ప్రతిఫలం ఏమీ ఆశించక విద్యాదానం చేశారు.

గురువు విద్య ఇచ్చినా ఆకలి తీరే మార్గం వేరుగా వెదకుకోవలసి వచ్చింది. నాటి పేద విద్యార్థులు కొందరు మధూకరం చేసేవారు. మధూకరమంటే తుమ్మెద పువ్వు పువ్వునా మకరందాన్ని గ్రహించినట్లు, ఇంటింటికీ వెళ్ళి అన్నాన్ని యాచించి తెచ్చుకోవడం. ఘంటసాల కూడా జోలె పట్టారు. ఏయే గడపల్లో ఆదరణ లభించిందో, ఏయే గడపల్లో ఛీత్కారం ఎదురైందో ఆ యువకుని మనసుకే తెలియాలి. తరువాతి కాలంలో ఆయన కంఠంలో దైన్యం, ఆర్తి, వేదన అంత సహజంగా పలకడానికి ఈ అనుభవాలే పునాది అయ్యాయనుకోవడం అసమంజసం కాదు. జీవితం నేర్పిన బాధను ఆయన ద్వేషంగా మార్చుకోలేదు, నాదంగా మార్చుకున్నారు.

విద్య పూర్తిచేసుకొని స్వస్థలానికి చేరిన ఘంటసాల కచేరీలు చేస్తూ, పిల్లలకు సంగీతం నేర్పుతూ కాలం గడిపారు. ఇంతలో 1942లో క్విట్ ఇండియా ఉద్యమం ఆరంభమైంది. ఆయన ఉద్యమంలో పాల్గొని పదునెనిమిది నెలలు కారాగారవాసం అనుభవించారు. బళ్ళారి సమీపంలోని అల్లీపురం జైలులో దేశభక్తుల సాహచర్యం లభించింది. ఏకాంతంలో ఆత్మశాంతినిచ్చే పాటే, సమూహంలో పిడికిళ్ళు బిగింపజేసే శక్తిగా మారగలదని స్వాతంత్ర్యోద్యమం నిరూపించింది. ఒక మంచి ఉపన్యాసం విన్నవారు ఆలోచిస్తారు. ఒక మంచి దేశభక్తి గీతం విన్నవారు లేచి నిలబడతారు. ఈ వ్యత్యాసాన్ని ఘంటసాల దగ్గరనుంచి చూశారు.

1944 మార్చి 4వ తేదీన ఘంటసాలకు సావిత్రితో వివాహం జరిగింది. ఆనాటి సాయంకాలం తన పెళ్ళికి తానే పాటకచేరీ చేసి బంధువులను ఆశ్చర్యపరచారని చెబుతారు. ఆ తరువాత ప్రసిద్ధ సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో ఆయన మద్రాసు చేరారు. మహానగరం కొత్తవారిని వెంటనే ఆదరించదు. పగలంతా అవకాశాల కోసం తిరిగి, రాత్రివేళ పానగల్ పార్కులో నిద్రించిన రోజులు ఉన్నాయి. బాలాంత్రపు రజనీకాంతరావు సహాయంతో మద్రాసు ఆకాశవాణిలో పాడే అవకాశం కలిగింది. 1944లో వచ్చిన సీతారామజననం చిత్రంలో బృందగానంలో పాల్గొన్నారు. 1945లో విడుదలైన స్వర్గసీమ చిత్రంలో భానుమతితో కలసి పాడి నేపథ్యగాయకుడయ్యారు. 1949లో వచ్చిన కీలుగుర్రం, మనదేశం చిత్రాలు, 1951లో వచ్చిన పాతాళభైరవి ఆయనను సంగీత దర్శకునిగా నిలబెట్టాయి. పాతాళభైరవి పాటలు పట్నంలోనూ, పల్లెలోనూ ఒకేవిధంగా మారుమ్రోగాయి.

ఘంటసాల గానంలోని ప్రత్యేకతను గ్రహించాలంటే అంతకుముందు పద్యం ఏ తీరున పాడేవారో తెలుసుకోవాలి. నాటకరంగంపై నటులు పద్యాన్ని దీర్ఘమైన రాగాలాపనలతో పాడేవారు. మైకులు లేని ఆ కాలంలో చివరి వరుసలోని ప్రేక్షకునికి వినిపించాలంటే కంఠమెత్తి పాడక తప్పదు. ప్రేక్షకులు చప్పట్లు చరచి మళ్ళీ పాడమంటే, మరణశయ్యపై ఉన్న పాత్రధారి సైతం లేచి పద్యం పాడి మళ్ళీ పడుకొనే సందర్భాలు ఉండేవట! రాగం ఆనందాన్నిచ్చేది గాని, పాత్ర అనుభవించే దుఃఖం ఆ ఆనందంలో కొట్టుకొనిపోయేది.

మైకు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. గాయకుడు గుసగుసగా పలికినా చివరి శ్రోతకు వినిపిస్తుంది. ఈ సౌకర్యం విలువను బాగా గుర్తించినవారిలో ఘంటసాల ముఖ్యులు. ఆయన పద్యంలోని ప్రతి పదాన్నీ స్పష్టంగా ఉచ్చరించారు. యతి వద్దనో, పాదాంతం వద్దనో కాకుండా అర్థం పూర్తయ్యేచోట విరామమిచ్చారు. రాగాన్ని భావానికి అవసరమైనంతమేరకే వాడుకున్నారు. కోపం వస్తే స్వరం పైస్థాయికి ఎగసేది. దుఃఖం వస్తే స్వరం క్రిందికి దిగి, మాటకూ పాటకూ నడుమ సన్నని గీతపై నడిచేది. శ్రోత రాగాన్ని మెచ్చుకోవడం మరచి, పాత్రతోపాటు కన్నీరు పెట్టేవాడు. ఇదే ఘంటసాల పద్య గానంలోని రహస్యం.

దీనికి చక్కని ఉదాహరణ పుష్పవిలాపం. కరుణశ్రీగా ప్రసిద్ధులైన జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన ఖండకావ్యమిది. పూజ కోసం పూలు కోయడానికి తోటకు వెళ్ళిన కవిని ఆ పూలే ప్రశ్నిస్తాయి. తమ ప్రాణం తీయవద్దని వేడుకుంటాయి. మానవుని కాఠిన్యాన్ని నిలదీస్తాయి. చివరకు కవి రిక్తహస్తాలతో తిరిగివస్తాడు. ఈ పద్యాలను ఘంటసాల గ్రామఫోను రికార్డుగా పాడారు. పుస్తకంలో చదివినవారు వందల్లో ఉంటే, రికార్డు ద్వారా విన్నవారు లక్షల్లో ఉన్నారు. ఆ పద్యాలు విన్న తరువాత పూలు కోయడానికి చేతులు రాలేదని చెప్పుకున్నవారు తెలుగునాట ఎందరో ఉన్నారు. నదీతీరాన కన్నబిడ్డను నీటిపాలు చేసే కుంతి వేదనను వర్ణించిన కుంతీకుమారి కూడా ఆయన కంఠంలో అంతే హృదయవిదారకంగా పలికింది.

ఇక్కడ విద్యార్థులు ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. పుష్పవిలాపం వింటే దుఃఖం కలుగుతుంది. దుఃఖాన్ని ఎవరూ కోరుకోరు. అయినా ఆ రికార్డును జనం మళ్ళీ మళ్ళీ ఎందుకు విన్నారు? మన ఆలంకారికులు కరుణను కూడా రసంగానే పరిగణించారు. నిజజీవితంలో కలిగే దుఃఖం మనిషిని క్రుంగదీస్తుంది. కళ ద్వారా కలిగే దుఃఖం మనసును మెత్తపరుస్తుంది. మన సొంత బాధ మనల్ని ఒంటరివారిని చేస్తే, పాటలోని బాధ మనల్ని ఇతరులతో కలుపుతుంది. నాకే కాదు, లోకంలో మరొకరికి కూడా ఈ వేదన ఉన్నదన్న ఎరుక కలిగినప్పుడు గుండె బరువు తగ్గుతుంది.

1953లో విడుదలైన దేవదాసు చిత్రం ఈ సత్యానికి మరొక నిదర్శనం. ఆ చిత్రానికి సంగీతం సమకూర్చిన సి.ఆర్. సుబ్బరామన్ చిత్రం విడుదల కాకముందే 1952లో చిన్న వయసులో మరణించారు. అక్కినేని నాగేశ్వరరావు నటనకు ఘంటసాల గళం తోడై, భగ్నప్రేమికుని నిర్వేదం తెలుగువారి ఉమ్మడి అనుభవంగా మారింది. ఆ చిత్రంలోని విషాదగీతాలను ఆయన గొంతు చించుకొని పాడలేదు. అణచుకొన్న దుఃఖంతో పాడారు. ఏడ్చేవానికన్న ఏడ్పును ఆపుకొనేవాణ్ణి చూసినప్పుడే మనకు ఎక్కువ జాలి కలుగుతుంది. ఆ లోకజ్ఞత ఆయన గానంలో ఉన్నది.

ఆయన గళం కరుణకే పరిమితం కాలేదు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో చమత్కారం, శృంగారం, హాస్యం పోటీపడ్డాయి. సాలూరి రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టిన ఆ చిత్రానికి ఘంటసాల మిగిలిన సంగీతాన్ని సమకూర్చి సంపూర్ణత కల్పించారు. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడ రాగంలో కూర్చిన గీతాన్ని పాడి శాస్త్రీయ సంగీతంలో తన అధికారాన్ని చాటారు. 1962లో వచ్చిన గుండమ్మకథ పాటలు సంసారంలోని సరసాన్ని పంచిపెట్టాయి. ఎన్.టి. రామారావుకు పాడినప్పుడు ఒక తీరున, అక్కినేనికి పాడినప్పుడు మరొక తీరున గొంతును మలచుకొని, నటుడే పాడుతున్నాడన్న భ్రమ కల్పించేవారు.

1963లో లవకుశ విడుదలైంది. తెలుగులో పూర్తిగా రంగులలో నిర్మించిన తొలి చిత్రమది. దానికి ఘంటసాల సంగీత దర్శకులు. తల్లి కష్టాలను, ఆమె ఎవరో తెలియని జనం ఎదుట, ఆ తల్లి కన్నబిడ్డలే గానం చేయడం ఆ కథలోని ఆయువుపట్టు. ఆ గీతాలకు ఆయన ఆడంబరంలేని బాణీలు కట్టారు. పి. లీల, పి. సుశీల పిల్లల గొంతులకు తగినట్లుగా పాడారు. పల్లెల నుండి జనం ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చి ఆ చిత్రం చూశారని నాటి పెద్దలు చెప్పుకొనేవారు. చదువురాని గ్రామీణుడు సైతం ఆ పాటలను ఒకసారి విని ఇంటికి తీసుకొని వెళ్ళగలిగాడు. శాస్త్రాన్ని ఆధారం చేసుకొని సామాన్యుని గుండెను చేరడమే ఆయన సంగీత లక్ష్యం.

సంగీతం మనసును ఏ విధంగా మారుస్తుందన్న ప్రశ్నకు ఆధునిక శాస్త్రజ్ఞులు కూడా సమాధానం వెదకుతున్నారు. మెల్లని లయగల సంగీతం వింటే శ్వాస, గుండెవేగం నెమ్మదించే అవకాశముందనీ, వేగవంతమైన లయ శరీరాన్ని ఉత్తేజపరుస్తుందనీ పరిశోధనలు తెలుపుతున్నాయి. పాటకు, జ్ఞాపకానికి గాఢమైన సంబంధం ఉన్నది. చిన్ననాట విన్న పాట ఏళ్ళ తరువాత చెవినిబడితే, ఆనాటి ఇల్లు, మనుషులు, వాతావరణం కళ్ళముందు కదలాడతాయి. అందువల్ల ఒకే పాట ఒకరిని నవ్విస్తే మరొకరిని ఏడిపించవచ్చు. రాగం, లయ, పదం గాయకుని వంతు. జ్ఞాపకం శ్రోత వంతు. ఈ రెండూ కలసినప్పుడే రసం పుడుతుంది.

కీర్తి శిఖరాన్ని చేరిన తరువాత కూడా ఘంటసాల తాను నడచివచ్చిన దారిని మరువలేదు. తనకు విద్యాదానం చేసిన గురువు కుమారుడైన పట్రాయని సంగీతరావును తన ఆస్థానంలో సహాయకునిగా చేర్చుకొని, చివరివరకూ ఆప్తునిగా భావించారు. హిందూస్తానీ సంగీత సమ్రాట్టు బడేగులాం అలీఖాన్ మద్రాసు వచ్చినప్పుడు తన ఇంట ఆతిథ్యమిచ్చి సేవించుకున్నారు. పేరు తెచ్చుకొన్న తరువాత కూడా గొప్ప విద్వాంసుని ఎదుట విద్యార్థివలె కూర్చోగలగడం ఆయన వినయానికి తార్కాణం. భారత ప్రభుత్వం 1970లో ఆయనను పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. 1971లో ఐరోపా, అమెరికాలలో పర్యటించి అక్కడి తెలుగువారికి మాతృభాషా మాధుర్యాన్ని అందించారు. పరాయిగడ్డపై తెలుగు పద్యం విన్న ప్రవాసులకు తమ ఊరు, తమ వారు తలపుకు వచ్చి కన్నులు చెమర్చి ఉంటాయనడంలో సందేహం లేదు.

అప్పటికే చక్కెరవ్యాధి ఆయన శరీరాన్ని లోలోపల తినివేస్తున్నది. గుండెజబ్బు కూడా తోడైంది. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనే భగవద్గీతను గానం చేయాలన్న సంకల్పం ఆయనకు బలపడిందంటారు. శ్వాస నిలుపుకోవడమే కష్టమైన స్థితిలో, ఎంపిక చేసిన శ్లోకాలను వివిధ రాగాలలో కూర్చి, తెలుగు తాత్పర్యంతో సహా రికార్డు చేశారు. అన్ని రసాలను పలికిన కంఠం చివరకు శాంతాన్ని ఆశ్రయించింది. ఆ రికార్డు ప్రజలకు అందేనాటికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో ఘంటసాల కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు యాభైయొక్క సంవత్సరాలు మాత్రమే.

ఆ భగవద్గీత కథ అంతటితో ముగియలేదు. తెల్లవారుజామున దేవాలయాల్లో ఆ గానం మారుమ్రోగింది. మరణం సంభవించిన ఇళ్ళ ముందు కూడా ఆ గానాన్నే వినిపించడం అలవాటైంది. ఉదయం గుడి మైకులో వినిపిస్తే ప్రశాంతతను కలిగించే స్వరమే, వీధి మలుపులో శోకగృహం నుంచి వినిపిస్తే మనసును కలవరపెడుతుంది. కంఠమొక్కటే, శ్లోకమొక్కటే, విన్న సందర్భం వేరు. కర్తవ్యాన్ని మరచి కుప్పకూలిన అర్జునుణ్ణి లేపి నిలబెట్టిన గ్రంథం గీత. దానిని మరణానికి మాత్రమే గుర్తుగా భావించడం సముచితం కాదు. దుఃఖంలో ఉన్నవారిని లేపి నిలబెట్టాలన్నదే ఆ గానం వెనుక ఉన్న ఆశయమని గ్రహిస్తే, ఆ స్వరం భయాన్ని గాక ధైర్యాన్ని ఇస్తుంది.

2003 ఫిబ్రవరి 11వ తేదీన భారత తపాలా శాఖ ఘంటసాల స్మారకంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది. ఊరూరా ఆయన జయంతులు, వర్ధంతులు జరుగుతున్నాయి. ఆయన మరణించిన తరువాత పుట్టినవారు సైతం పాటల పోటీలలో ఆయన పద్యాలు ఎంచుకొని పాడుతున్నారు. ఏ బిరుదుకన్నా ఇది గొప్ప సత్కారం.

తండ్రి భుజాలపై కూర్చొని జనం ముఖాలలో వెలుగు చూసిన బాలుడు, జోలె పట్టి వీధుల్లో తిరిగిన యువకుడు, పార్కులో నిద్రించిన కళాకారుడు తుదకు ఒక జాతి మొత్తానికి తన గొంతునిచ్చారు. కష్టాలు అందరికీ వస్తాయి. వాటిని కొందరు కసిగా దాచుకుంటారు, కొందరు కన్నీరుగా కార్చివేస్తారు. ఘంటసాల వాటిని పాటగా మలచి ఇతరుల కన్నీరు తుడవడానికి వినియోగించారు. మనసు కుంగినవేళ మంచి సంగీతాన్ని ఆశ్రయించడం, మనకు కలిగిన బాధను పరుల బాధ అర్థం చేసుకోవడానికి మెట్టుగా మార్చుకోవడం ఆయన జీవితం నుండి విద్యార్థులు నేర్వవలసిన పాఠం.